క్రియాటినిన్‌తో పాటు కాళ్ళు కూడా చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా ఉద్దానంలో ఒక ఊళ్ళో కిడ్నీ పరీక్షల శిబిరం పెట్టారని ఈమధ్య మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. బల్ల ముందు ఓ ముసలాయన చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు. నర్సమ్మ రక్తం తీస్తోంది. ఆయన పంచె పాదాల మీదికి జారి ఉంది. నా చూపు ఆ పంచె అంచు దగ్గరే ఆగిపోయింది. దాని కింద కాళ్ళు ఎలా ఉన్నాయో ఎవరైనా చూసుంటారా అనిపించింది. రెండు రోజులు అదే ఆలోచన. ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, మన్నించండి. వీలైతే కత్తిరించకుండా వెయ్యండి.

నేను ఏఎన్ఎంగా ఉద్యోగంలో చేరి హెల్త్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లోనే నా సర్వీసంతా గడిచింది. మా దగ్గర కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. షుగరు లేదు, బీపీ లేదు, చెట్టెక్కి కొబ్బరికాయలు దించే మనిషి, చూస్తూ చూస్తూ చిక్కిపోతాడు. పరీక్ష చేస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే వ్యర్థం, నాలుగో ఐదో ఉంటుంది. అలాంటి ఇళ్ళు నా రిజిస్టరులో ఎన్నో ఉండేవి. రక్తం తీయడం, పలాసకో శ్రీకాకుళానికో పంపడం, రిపోర్టు తెచ్చి ఇంట్లోవాళ్ళ ముందు నిలబడటం, ఇదే పని. చేయగా చేయగా నాకో అలవాటు పట్టింది. ఉద్దానం మనిషికి క్రియాటినిన్ పెరిగిందంటే ఇంకేమీ అడగక్కర్లేదు, అది మన ఊరి జబ్బే. ఆ అలవాటుతోనే సొంత తమ్ముడి విషయంలో తప్పు చేశాను.

వాడికి యాభై ఒకటి. తిత్లీ తుపానులో, అంటే 2018 అక్టోబరు 11న, తోటలో కొబ్బరిచెట్లు సగానికి పైగా పడిపోయాయి. ఏడ్చి ఊరుకోకుండా మళ్ళీ మొక్కలు నాటాడు. అవి ఇప్పుడిప్పుడే గెలలేస్తున్నాయి. అంత ఓపికున్న మనిషి.

జబ్బు పడ్డ ఏడు, వినాయక చవితి నాటికి వాడికి ముక్కు దిబ్బడ మొదలైంది. వానాకాలం జలుబే అనుకున్నాం. పొద్దున్న చీదితే నెత్తురంటిన పక్కులు ఊడి వచ్చేవి. ముక్కు డాక్టరు సైనస్ అని మందులిచ్చాడు. దసరాకి ఎడమ చెవి. "వదినా, ఈయన ఫోన్లో మాటాడతంటే ఈదంతా ఇనపడతంది" అంది మా మరదలు. చెవిలో నీరు చేరిందని చుక్కల మందు రాశారు. దీపావళి దాటాక కీళ్ళు పట్టుకున్నాయి. ఓ రోజు మోకాలు, మర్నాడు చీలమండ, ఆ తర్వాత మణికట్టు. ఊళ్ళో వైద్యం చేసే అతను నొప్పికి ఇంజెక్షన్లు పొడిచాడు. రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. ఆ నొప్పి ఇంజెక్షన్లు కిడ్నీకి ఇంకా చేటని నాకు తెలుసు. పది ఊళ్ళు తిరిగి చెప్పినదాన్ని, తమ్ముడి ఇంట్లో చెప్పలేకపోయాను.

అప్పుడే కాళ్ళ మీద మచ్చలొచ్చాయి. నేను చూశాను. చూసి కూడా చూడలేదనే అనాలి. గడప దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు, చీలమండల పైన ఎర్రెర్రగా చుక్కలు. "ఏట్రా అది?" అన్నాను. "జీడి సొన అంటిందప్పా. మొన్న పిక్కలు ఎండేసినాం కదా" అన్నాడు. మా వైపు జీడి సొన తగిలి చర్మం పొక్కని ఇల్లుండదు. నిజమే కాబోలనుకున్నాను. చేత్తో ముట్టుకోలేదు. వేలితో నొక్కి చూడలేదు. ఎన్ని వేలమంది గర్భిణీల కాళ్ళ మీద బొటనవేలు పెట్టి వాపు నొక్కి చూసుంటానో లెక్కలేదు. ఆ వేలే అప్పుడు కదల్లేదు.

ఇంకోటి. ఎడమ కాలి చెప్పు మాటిమాటికీ జారిపోతోందని విసుక్కునేవాడు. కొత్త జత కొన్నాడు, అదీ జారేది. తోటలో మాది ఇసక నేల. వాడి వెనక నడుస్తుంటే కుడి పాదం అచ్చు చక్కగా పడేది. ఎడమ పాదం అచ్చుకి ముందు వేళ్ళు ఈడ్చిన గీత ఉండేది. కొత్త చెప్పుల్లో ఎడమదాని మొన నెల తిరక్కుండా అరిగిపోయింది. ఇవన్నీ నా కళ్ళముందే ఉన్నాయి.

ఆ తర్వాత ఊళ్ళో శిబిరం. రక్తం ఇచ్చాడు. క్రియాటినిన్ 1.9. రిపోర్టు నా చేతికే వచ్చింది. "మన ఊరి జబ్బేరా తమ్ముడా, నీళ్ళు బాగా తాగు, ఉప్పు తగ్గించు" అన్నాను. ఆ మాట నేను అన్నానని ఈరోజుకీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది. మూడు వారాల తర్వాత మళ్ళీ చేయిస్తే 3.4. సంక్రాంతి వెళ్ళిన వారానికి 4.6. అక్కడైనా నాకు అనుమానం రావాల్సింది. మా ఉద్దానం జబ్బు ఏళ్ళ తరబడి మెల్లగా పాకుతుంది. మూడు వారాల్లో రెట్టింపు దాకా పోయేది అది కాదు. కానీ అప్పటికే మేం ఏడుపుల్లో ఉన్నాం. డయాలసిస్ తప్పదన్నారు, ముందుగా చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులకి వీలుగా చేతి రక్తనాళాలు కలిపే ఆపరేషన్) వేయించుకోమని విశాఖ పంపారు.

అక్కడ ఓ ఆస్పత్రిలో ఒక అమ్మాయి వాణ్ణి చూసింది. పీజీ చదువుతున్న డాక్టరు, పాతికేళ్ళు దాటి ఉంటాయి అంతే. ఫిస్టులా కాగితం మీద సంతకం చేయించుకుని పంపేస్తుందనుకున్నాను. ఆమె కాగితం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తెర లాగి, "బాబాయ్, పంచె మోకాళ్ళ దాకా తీయండి" అంది. అంతవరకు నాలుగైదు చోట్ల చూపించాం. ఆ మాట అన్నది ఆమె ఒక్కర్తే.

ఆ తర్వాత జరిగింది వివరంగా రాస్తాను. ఈ ఉత్తరం అందుకోసమే.

మచ్చలు చీలమండల దగ్గర దట్టంగా ఉండి పైకి పోయేకొద్దీ పల్చబడ్డాయి. అన్నీ ఒక రంగు కావు. కొత్తవి ముదురెరుపు, కొన్ని నేరేడుపండు రంగు, పాతవి జేగురు మరకల్లా. అంటే విడతలు విడతలుగా వస్తున్నాయన్న మాట. ఆమె జేబులోంచి ల్యాబు వాళ్ళు వాడే గాజు స్లైడు తీసి ఒక ఎర్ర మచ్చ మీద పెట్టి నొక్కింది. చుట్టూ చర్మం తెల్లబడింది. మచ్చ అలాగే ఉండిపోయింది. "చూశారా అమ్మా, మామూలు ఎరుపైతే నొక్కితే పోవాలి. రక్తనాళంలో ఉన్న నెత్తురైతే పక్కకి జరుగుతుంది. ఇది నాళం గోడ దాటి చర్మంలోకి కారిపోయిన నెత్తురు, ఎక్కడికి పోతుంది?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని మచ్చల మీద పెట్టింది. "కళ్ళు మూసుకుని తడమండి." తడిమాను. చర్మం కింద కందిగింజలు అతికించినట్టు బొడిపెలు తగిలాయి. చూపుకి చదునుగా కనపడేవి వేలికి ఎత్తుగా ఉన్నాయి. ఇలా వేలికి తగిలే నెత్తుటి మచ్చే చిన్న రక్తనాళాల వాపుకి మొదటి గుర్తు అని చెప్పింది. డాక్టర్లు దాన్ని వాస్కులైటిస్ అంటారు.

కాళ్ళకే ఎందుకొచ్చిందని అడిగాను. నిలబడ్డ మనిషికి పైనున్న రక్తం బరువంతా కాళ్ళలోని సన్నటి నాళాల మీద పడుతుందట. గోడ దెబ్బతిన్న నాళం ఆ ఒత్తిడి తట్టుకోలేక ముందు అక్కడే కారుతుంది. మంచాన పడ్డ రోగికైతే నడుము కింద, పిరుదుల మీద వెతకాలంది. ఈ ముక్క నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

గోళ్ళు చూసింది. రెండు గోళ్ళ కింద నిలువుగా సన్నటి ముదురు గీతలున్నాయి, చీపురుపుల్ల పేడు గుచ్చుకుని లోపలే ఉండిపోయినట్టు. టార్చి వేసి ముక్కులోకి చూసింది, రెండువైపులా పక్కులు. ముక్కు దూలం మీద బొటనవేలు నడిపి, "ఇక్కడ కొంచెం నొక్కుకుపోయింది, మునుపు ఇలాగే ఉండేదా?" అనడిగింది. మా మరదలు ఫోనులో పెళ్ళి ఫొటో తీసి చూపించింది. తేడా తెలిసింది. రోజూ చూస్తున్న మొహంలో మాకెవరికీ తెలియని తేడా అది. చిగుళ్ళు చూసింది, కంటి తెల్లగుడ్డు చూసింది, కన్ను లోతుగా నొప్పి పుడుతోందా అనడిగింది. అవి బాగానే ఉన్నాయి. చెవి పరీక్షకి వాడే ఇనుప ట్యూనింగ్ ఫోర్కు మోగించి నుదుటి మధ్యన ఆనిస్తే వాడు "ఎడమపక్కే ఎక్కువ ఇనిపిస్తంది" అన్నాడు. వినపడని చెవిలోనే ఎక్కువ వినపడటమేమిటని నేను ఆశ్చర్యపోయాను. నరం బాగానే ఉంది, మధ్య చెవిలో అడ్డు ఉందని దానర్థమట.

వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. దగ్గులో నెత్తురు పడిందా అని రెండుసార్లు అడిగింది. ఊపిరితిత్తుల్లోకి కారితే గంటల్లో ప్రాణం మీదికొస్తుందట. దేవుడి దయ, అది లేదు. గుండె కూడా అంతే శ్రద్ధగా విన్నది, ఎందుకంటే గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ పట్టినా ఇలాంటి మచ్చలే వస్తాయి, మూత్రంలో నెత్తురూ పోతుంది. అది కాదని తేలకుండా స్టీరాయిడ్ మొదలుపెట్టకూడదంది. బీపీ 150/100.

చివర్న మంచం దింపి, "వేళ్ళు పైకెత్తి మడమల మీద నాలుగడుగులు వెయ్యండి బాబాయ్" అంది. కుడి కాలు లేచింది. ఎడమ పాదం ముందుభాగం లేవలేదు. అడుగేస్తే పాదం చప్పున నేలకి కొట్టుకుంది. దూది పోగుతో పాదం పైన రాసింది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య వాడికి తెలియలేదు. నాకు తోటలో ఇసక మీది గీత గుర్తొచ్చింది. జారిపోయే చెప్పు గుర్తొచ్చింది. కాలి నరానికి నెత్తురు తీసుకెళ్ళే సన్న నాళాలు కూడా వాచి మూసుకుపోయి నరం చచ్చుబడుతోందట. ఒక కాలుకి, తర్వాత ఒక చేతికి, ఇలా విడివిడిగా నరాలు పడిపోవడం ఈ జబ్బు లక్షణమట.

ఇదంతా అయ్యాక సీసాలో మూత్రం పట్టించి ఆమే ల్యాబుకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి రంగు మారిన పట్టీ నాకు చూపించింది. నెత్తురుని చూపించే పసుపు గడి ముదురు ఆకుపచ్చగా తిరిగిపోయింది. కంటికి మూత్రం మామూలుగానే ఉంది, ఎరుపేమీ లేదు. మైక్రోస్కోపులో ఎర్రకణాలు గొట్టంలో పేర్చినట్టు కనపడ్డాయంది. కిడ్నీ జల్లెడలోంచే కారుతున్నాయనడానికి అది సాక్ష్యం. "ఇది మీ ఉద్దానం జబ్బు కాదమ్మా" అంది. ఆ మాటకి నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

మొత్తం అరగంట పట్టి ఉంటుంది. ఎక్కడైనా ఉండే స్టెతస్కోపు, బీపీ మిషను, ల్యాబు మైక్రోస్కోపు కాక వాడిన సామాను ఒక గాజు ముక్క, టార్చి, ఫోర్కు, దూది, ఒక మూత్రం పట్టీ.

తర్వాత రక్తంలో ఆంకా పరీక్ష (ఈ నాళాల జబ్బులో కనపడే యాంటీబాడీల కోసం చేసేది) చేశారు, పాజిటివ్. కిడ్నీలోంచి ముక్క తీశారు. అందులో జల్లెడ గుత్తుల చుట్టూ నెలవంకల్లాంటి ఆకారాలు కనపడ్డాయట. జబ్బు పేరు గ్రాన్యులోమటోసిస్ విత్ పాలియాంజైటిస్. 2011కి ముందు దీన్నే వెగ్నర్స్ అనేవారు. మనల్ని కాపాడాల్సిన తెల్లకణాలే పొరబడి సన్నటి నాళాల గోడల్ని కొరుకుతాయి. ముక్కు, చెవి, చర్మం, నరం, కిడ్నీ, ఊపిరితిత్తి, ఇవన్నీ ఒకే జబ్బు వేర్వేరు చోట్ల తలెత్తడం. మేమేం చేశాం? ముక్కు ఒకరికి చూపించాం, చెవి ఒకరికి, కీళ్ళు ఇంకొకరికి, క్రియాటినిన్ మరొకరికి. ఎవరికి వారు తమ ముక్క మటుకు చూసి మందు రాశారు. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. తల నుంచి పాదం దాకా ఒక్క పూట ఒక్కరూ చూడలేదు, అంతే. ఆ పని చేయాల్సినదాన్ని ముందు నేనే. ఇంటి మనిషిని, నర్సుని.

మందుల్లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది ఏడాదిలోపే పోయేవారని 1950ల నాటి లెక్కలు చెబుతున్నాయి. ఇప్పుడు మందులున్నాయి. తమ్ముడికి మూడు రోజులు రక్తనాళంలోకి స్టీరాయిడ్ ఎక్కించారు, దాంతో పాటు ఇమ్యూనిటీని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు. కొందరికి దాని బదులు రిటుక్సిమాబ్ ఇస్తారు. ఫిస్టులా అవసరం రాలేదు. డయాలసిస్ ఒక్కసారి కూడా పడలేదు. క్రియాటినిన్ 1.8 దగ్గర నిలబడింది. ఒక నెల ముందు ఆ పంచె పైకి తీసుంటే ఎంత దగ్గర నిలబడేదో. ఆ లెక్క నేను ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా ఉద్దానం జబ్బుకీ ఈ రక్తనాళాల జబ్బుకీ తేడా పట్టడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. ఉద్దానం జబ్బులో కిడ్నీ గొట్టాల వైపు పాడవుతుంది. అందుకే మూత్రంలో ప్రొటీను నామమాత్రంగా పోతుంది, నెత్తురు సాధారణంగా కనపడదు. మొదట్లో వాపులుండవు, బీపీ కూడా పెద్దగా పెరగదు. నాళాల జబ్బులో జల్లెడే చిరుగుతుంది, కాబట్టి పట్టీ మీద నెత్తురు గడి ఆకుపచ్చగా మారుతుంది, ప్రొటీను గడి కూడా రంగు మారుతుంది. క్రియాటినిన్ వారాల్లో పరిగెడుతుంది. రెండోది మందులకు లొంగే జబ్బు, కానీ మనం ఆలస్యం చేస్తే మన కోసం ఆగదు. ఊళ్ళో అందరికీ ఉన్న జబ్బు పేరు పెట్టి దాన్ని ఇంటికి పంపేస్తే, నయమయ్యే మనిషిని చేజేతులా డయాలసిస్ మంచం ఎక్కించినట్టే. ఉద్దానంలో పుట్టినంత మాత్రాన ఇంకే కిడ్నీ జబ్బూ రాకూడదని రాసిపెట్టి లేదు కదా.

ఈ జబ్బు అరుదైనదని నాకు తెలుసు. శిబిరానికి వచ్చిన వందమందిలో ఒక్కరికీ ఉండకపోవచ్చు. అందరికీ ఆంకా పరీక్ష చేయమని నేను అడగడం లేదు, అది అయ్యే పనీ కాదు. రక్తం తీసే బల్ల పక్కనే ఒక స్టూలు వెయ్యండి, వెలుతురున్న చోట. మనిషిని కూర్చోబెట్టి పంచె గానీ చీర కుచ్చెళ్ళు గానీ మోకాలి దాకా తీయించి కాళ్ళు చూడండి. ఆడవాళ్ళకి ఓ పాత చీర తెరగా కట్టండి. మచ్చ ఉంటే నొక్కండి, తడమండి. ముక్కులో నెత్తురు పక్కులు, చెవుడు, కీళ్ళనొప్పి, చెప్పు జారడం, ఈ నాలుగూ అడగండి. బీపీ చూడండి. మూత్రం పట్టీ ముంచి, నిమిషం ఆగి, నెత్తురు గడి చదవండి. చాలాచోట్ల ప్రొటీను, షుగరు గడులు చదివి పట్టీ పారేస్తున్నారు. చేతిలో ఉన్నదాన్ని చదవకుండా పారేయడం నాకు చాలా బాధ.

విలేజ్ క్లినిక్కుల్లో ఇప్పుడు ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) అమ్మాయిలున్నారు, బీఎస్సీ నర్సింగు చదివినవాళ్ళు, మాకంటే చదువు ఎక్కువ. ఒక పూట కూర్చోబెట్టి చూపిస్తే పట్టేస్తారు. అనుమానం వచ్చినవాళ్ళని పంపడానికి పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు. మా రోజుల్లో ఏది ఎక్కువైనా విశాఖ బస్సెక్కాల్సిందే. ఈ సౌకర్యం దాకా మనిషి చేరాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు ముందు కాళ్ళు చూడాలి.

మచ్చ కనపడగానే భయపడమని కూడా నేననను. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినా ఎర్రచుక్కలు వస్తాయి, నొక్కినా పోవు. కానీ అవి చదునుగా ఉంటాయి, వేలికి తగలవు. దోమకాటు, చెమటకాయ నొక్కితే తెల్లబడతాయి. జ్వరంతో సొమ్మసిల్లిన బిడ్డకి నొక్కినా పోని మచ్చలు వస్తే మాత్రం గాజుముక్కతో కూర్చోవద్దు, ఆ క్షణమే ఆస్పత్రికి పరిగెత్తండి. ఊళ్ళో ఎవరో ఒకరు మచ్చలకి స్టీరాయిడ్ ఇంజెక్షన్ పొడిస్తే నాలుగు రోజులు తగ్గినట్టుండి అసలు జబ్బు కప్పబడిపోతుంది. అది తమ్ముడికీ జరిగి ఉంటుందని నా అనుమానం.

పిల్లల్లో ఈ కోవకే చెందిన మరో జబ్బు కనపడుతుంది. గొంతునొప్పి, జలుబు తగ్గిన తర్వాత పిరుదుల మీద, కాళ్ళ మీద ఇలాంటి మచ్చలే లేస్తాయి. మోకాళ్ళు, చీలమండలు నొప్పి, కడుపునొప్పి. షోన్‌లైన్ అనే జర్మనీ వైద్యుడు 1837లోనే దీన్ని వర్ణించాడట, ఇప్పుడు ఐజీఏ వాస్కులైటిస్ అంటున్నారు. చాలామంది పిల్లలకి దానంతటదే తగ్గిపోతుంది. కానీ కొందరికి కిడ్నీకి సోకుతుంది, ఒక్కోసారి మచ్చలు మాసిపోయాక కూడా. అందుకని ఆరు నెలలపాటు మూత్రం, బీపీ చూస్తూ ఉండాలి. మా వీధిలో ఏడేళ్ళ పిల్లకి మొన్న వేసవిలో వచ్చింది. తల్లి వేపాకు నూరి పూస్తోంది. ఈసారి నేను గాజుగ్లాసు అడుగు పెట్టి నొక్కాను. డాక్టరుకి చూపించాక, వారం వారం పిల్ల మా ఇంటికొస్తే పట్టీ ముంచి క్యాలెండరు మీద రాస్తున్నాను. ఇంతవరకు అన్నీ పసుపే. ఇంకా రెండు నెలలుంది. ప్రతి ఆదివారం ఆ గడి చూసేటప్పుడు నిమిషం ఎంతసేపుంటుందో నాకు తెలుస్తోంది.

తమ్ముడు ఇప్పుడు తోటకి పోతున్నాడు. చెప్పులు మానేసి తాళ్ళున్న బూట్లు వేసుకుంటాడు, ఎడమ పాదం జారకుండా లోపల ప్లాస్టిక్ పట్టీ. నరం మెల్లగా కోలుకుంటుందన్నారు, ఏడాదిన్నర పట్టొచ్చు. చెవి చాలావరకు వచ్చింది. ముక్కు దూలం పల్లం అలాగే ఉంది. ఒంట్లో ఇమ్యూనిటీ తగ్గించే మందులు వేసుకుంటున్నాడు కాబట్టి పెళ్ళిళ్ళకీ జాతరలకీ పోవద్దన్నారు. అదొక్కటీ వాడికి కష్టంగా ఉంది. చెట్టెక్కడం లేదు. కింద నిలబడి కూలీలకి చెబుతాడు. ఇసకలో ఎడమ కాలి గీత ఇంకా పడుతూనే ఉంది, కానీ ముందున్నంత పొడుగు లేదు. నేను వెనక నడుస్తూ చూసుకుంటాను.

మీ పత్రికకి నా విన్నపం ఒకటి. జిల్లా వైద్యాధికారులకీ, శిబిరాలు పెట్టే సంఘాలవాళ్ళకీ ఈ ఉత్తరం చేరేలా చూడండి. మా మండలంలో గానీ పక్క మండలాల్లో గానీ ఎక్కడ శిబిరం పెట్టినా నేను వస్తాను, డబ్బులొద్దు. కాళ్ళు చూసే పని నాకివ్వండి, మీ పిల్లల్ని పక్కన నిలబెట్టండి, చేతులు పట్టుకుని చూపిస్తాను. స్టూలు, గాజుగ్లాసు, టార్చి నేనే తెచ్చుకుంటాను. మూత్రం పట్టీలు మాత్రం మీరు తెప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజరు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

(నా పేరు, ఊరు వెయ్యవద్దు. తమ్ముడు ఒప్పుకున్నాకే ఇదంతా రాశాను.)